ఆటలోని కష్టము

బాలబాలికలారా! నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపునకు పేరుపొందిన పట్టణము. ఊరిని ఆనుకొని సిద్ధుల గుట్ట కలదు. బండపై బండ పేర్చినట్లుండు ఆ గుట్టమీద నవనాథ సిద్ధేశ్వరాలయము వెలసియున్నది. మాఘ ఫాల్గుణ మాసములు వచ్చునప్పటికి ఈ చుట్టుపట్ల గ్రామములలో పసుపు త్రవ్వుట, ఉడికించుట, ఎండబెట్టుట ముమ్మరముగా సాగును. కళ్ళములలో ఎండుచున్న పసుపుకొమ్ములకు రాత్రివేళ కావలి యుండవలెను. నా చిన్నతనమున ఆ కావలికి పోయిన పెద్దలు, నిద్ర రాకుండుటకై, బండమీద బొగ్గుతో గీతలు గీసి పులి–మేక ఆడుచుండెడివారు. పగలెల్ల పొలములో వంగి పనిచేసి నడుము నొచ్చినవారు, రాత్రి లాంతరు వెలుగున మూడు గులకరాళ్ళను బంధించుటకై తల పట్టుకొని కూర్చుండెడివారు. అవి రాళ్ళని వారెఱుగుదురు. అయినను వారి కన్నులకు అవి పులులే.

గడచిన ఫాల్గుణమున అట్టి కళ్ళములోనే నా మనుమడు కూర్చుండి యుండెను. వాడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. వాని చేతిలో సెల్‌ఫోను, అందులో ఒక వీడియో ఆట. ఒక చిన్న బొమ్మమనిషి గోతులను దుముకుచు పరుగెత్తవలెను. వాడు ఒకే గోతిలో పదునాలుగు మాఱులు పడెను. పడినపుడెల్ల పండ్లు కొఱికెను, మరల మొదలుపెట్టెను. ఇంటిలెక్క రెండుమాఱులు తప్పినచో పుస్తకము మూసివేయు పిల్లవాడు, ఎవరును చెప్పకయే ఆ గోతిని దాటుటకు పదునైదవమాఱు ప్రయత్నించెను.

నాకు ఆశ్చర్యము కలిగెను. పనిలో కష్టము వచ్చినచో తప్పించుకొనజూచు మనుష్యుడు ఆటలో కష్టమును కోరి తెచ్చుకొనుచున్నాడు. ఏల? ఆ కష్టమును కల్పించువారెవరు? దానిని ఎట్లు కల్పించుచున్నారు? ఈ ప్రశ్నలు అల్పమైనవిగా తోచవచ్చును. కాని వీనికి సమాధానము తెలిసికొన్నచో, ఆటను గూర్చియే కాక, చదువును గూర్చియు మనకు కొంత తెలియును.

ముందుగా మన వీధి ఆటలను చూతము. గోలీల ఆటలో గుంత బావియంత వెడల్పుగా నున్నచో గుఱితో పనియే లేదు. ఎవడు విసరినను గోలీ అందులో పడును. రెండవమాఱు విసరుటకు ఎవనికిని మనసు రాదు. అందుచేతనే గుంతను చిన్నదిగా త్రవ్వి, గీతను దూరముగా గీయుదురు. చిర్రగోనెలో చిన్నపుల్లను చేతితో విసరరాదు. పెద్దకఱ్ఱతోనే లేపి కొట్టవలెను. కబడ్డీలో ఎదుటి జట్టువారిని తాకివచ్చుట గొప్ప పని కాదు. కూత విడువక, ఊపిరి తెగక తాకిరావలెను. ఈ నియమములను తీసివేసినచో పని సులభమగును, కాని ఆట నశించును. కాబట్టి నియమమనగా సులభమైన దారికి అడ్డముగా నాటిన కంచె. ఆ కంచె వలననే ఆటలో కష్టము పుట్టుచున్నది.

ఈ కష్టము అన్ని ఆటలలోను ఒకే తీరున నుండదు. గోలీలలో అది చేతి నేర్పునకు సంబంధించినది. పులి–మేకలో అది బుద్ధికి సంబంధించినది. ఈ ఆట పటములో గీతలు కలియు చోటులు 23 ఉండును. ఒకరికి 3 పులులు, మఱియొకరికి 15 మేకలు. పులి తన ప్రక్కనున్న మేకమీదుగా దుమికి ఆవలి ఖాళీ చోటున నిలిచినచో ఆ మేక చచ్చినట్లు లెక్క. మేకలకు చంపు శక్తి లేదు. అవి దారులన్నిటిని మూసి, మూడు పులులకును కదలుటకు చోటు లేకుండ చేసినచో గెలిచినట్లు. చూడుడు, ఇరువురికిని బలము సమానము కాదు. నియమములును సమానములు కావు. బలవంతుడు తక్కువ సంఖ్యతోను, బలహీనుడు ఎక్కువ సంఖ్యతోను ఆడవలెను. ఒంటరి మేక పులికి ఆహారము. వెనుకనున్న చోటున మఱియొక మేక నిలిచియున్నచో, అదే మేకను పులి ముట్టలేదు. క్రొత్తగా ఆడువాడు మేకలను చెల్లాచెదరుగా పెట్టి ఓడిపోవును. నాలుగు ఆటలు ఓడిన పిమ్మట జంటగా పెట్టుట నేర్చుకొనును. మన ప్రాంతపు పాత దేవాలయములలో మండపముల నేలరాళ్ళమీద ఇట్టి ఆటల గీతలు చెక్కియుండుట నేటికిని చూడవచ్చును. ఎన్ని తరములవారు ఆ రాళ్ళయొద్ద కూర్చుండి ఓడి, నేర్చి, గెలిచిరో కదా!

అష్టాచెమ్మలోని కష్టము వేఱు. అందులో నాలుగు గవ్వలు వేయుదురు. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా నాలుగు; నాలుగును బోర్లపడినచో అష్ట, అనగా ఎనిమిది. గవ్వ ఇరుప్రక్కలకును సమానముగా పడునని అనుకొన్నచో, నాలుగు గవ్వలు పడు తీరులు మొత్తము 16. అందు రెండు పడు తీరులు 6. ఒకటి పడునవి 4. మూడు పడునవి 4. చెమ్మ ఒక తీరు, అష్ట ఒక తీరు. కావుననే చెమ్మగాని అష్టగాని పడినపుడు ఇల్లెల్ల కేకలతో నిండును. ఇచ్చట కష్టమును కల్పించునది అదృష్టము. అయినను ఏ కాయను జరుపవలెనను నిర్ణయము ఆడువానిదే. వైకుంఠపాళిలో ఆ నిర్ణయము కూడ లేదు. పాము మ్రింగినను, నిచ్చెన ఎక్కించినను అందులో మన తెలివి యేమియు లేదు. అందుచేతనే అది పసిపిల్లలకును పెద్దలకును సమానమైన ఆట. అందుచేతనే ఎంతకాలము ఆడినను దానిలో ఎవరును నిపుణులు కాజాలరు.

మన పిల్లల ఆటలలో మఱియొక చక్కని ఏర్పాటు కలదు. ఆరేండ్ల తమ్ముడు వచ్చి ‘నేనును ఆడెదను’ అని ఏడ్చినచో, పెద్దపిల్లలు వానిని వెడలగొట్టరు. ‘వీడు ఆటలో అరటిపండు’ అని చేర్చుకొందురు. వాడు దొరికినను ఔటు కాడు. పరుగెత్తినను ఎవరును గట్టిగా తరుమరు. వాడు అట్లు ఆడుచు ఆడుచు ఒకనాటికి అరటిపండు పదవి వదలి అసలు ఆటగాడగును. ఆ దినమున వానికి కలుగు గర్వము ఇంతింత కాదు. కష్టమును మనిషినిబట్టి తగ్గించుట, పెంచుట అను నేర్పు మన వీధులలో ఎవరును చెప్పకయే నడచుచుండెను. తాత మనుమనితో పులి–మేక ఆడునపుడు చూచియు చూడనట్లు ఒక మేకను విడిచిపెట్టుటయు ఇట్టిదే.

యంత్రమునకు అట్టి జాలి లేదు. కావున యంత్రముతో ఆడు ఆట వచ్చినపుడు ఒక క్రొత్త చిక్కు ఏర్పడెను. ఎదుట కూర్చుండి మన ముఖమును చూచు తాత లేడు; మనము అలసితిమో, విసిగితిమో ఎఱుగువారు లేరు. ఆటను రూపొందించువాడు, తాను ఎన్నడును చూడని లక్షలకొలది ఆటగాండ్రకు తగిన కష్టమును ముందుగానే కొలిచి యంత్రములో పెట్టవలెను. ఎక్కువైనచో వారు విసిగి వదలుదురు. తక్కువైనచో చప్పబడి వదలుదురు. ఈ కొలత ఎట్లు కుదిరినదో నాలుగు ప్రసిద్ధమైన ఆటల వలన తెలిసికొందము.

1978వ సంవత్సరమున జపాను దేశమందు టైటో అను సంస్థలో పనిచేయుచుండిన టొమోహిరో నిషికాదో ‘స్పేస్ ఇన్వేడర్స్’ అను ఆటను రూపొందించెను. అందులో వరుసకు 11 చొప్పున 5 వరుసలలో 55 శత్రువుల బొమ్మలు ప్రక్కలకు జరుగుచు క్రమముగా క్రిందికి దిగివచ్చును. ఆడువాడు క్రిందనుండి వానిని కాల్చి కూల్చవలెను. నాటి యంత్రమునకు 55 బొమ్మలను వేగముగా కదలించు శక్తి చాలకుండెను. కావున అవి మెల్లగా కదలుచుండెను. కొన్ని కూలినకొలది యంత్రమునకు భారము తగ్గి, మిగిలినవి వడిగా కదలసాగెను. చివరి బొమ్మ బాణమువలె పరుగెత్తెను. ఇది ఎవరును తలపెట్టి చేసినది కాదు, యంత్రపు బలహీనత. కాని నిషికాదో దానిని దిద్దక అట్లే యుంచెను. గెలుపు దగ్గఱపడినకొలది కష్టము పెరుగుట ఆటకు ప్రాణమని ఆయన గుర్తించెను. గుట్ట ఎక్కువానికి చివరి మెట్లే నిడుపుగా తోచుట మీకును అనుభవమే కదా!

1980లో అదే దేశమునందలి నామ్‌కో సంస్థకు చెందిన టోరు ఇవాటాని ‘పాక్‌–మాన్’ అను ఆటను చేసెను. అందులో ఒక గుండ్రని పసుపుపచ్చని బొమ్మ, సందులలో తిరుగుచు చుక్కలను తినవలెను. నాలుగు దయ్యములు దానిని పట్టవచ్చును. నాలుగును ఒకే తీరున తరిమినచో అవి ఒకదాని వెనుక ఒకటి వరుసగా వచ్చును. ఆట విసుగు పుట్టించును. కావున ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావము కల్పింపబడెను. ఎఱ్ఱని దయ్యము నేరుగా వెంటబడును. గులాబి రంగుది మనము పోవు దిక్కును చూచి ముందుకు పోయి అడ్డగింపజూచును. నీలిరంగుది మన స్థానమును, ఎఱ్ఱదాని స్థానమును కూడ లెక్కించి కదలును. నారింజ రంగుది దగ్గఱకు వచ్చి మరలిపోవును. అంతేకాదు. దయ్యములు ఎడతెగక తరుమవు. నడుమ నడుమ అవి తమ తమ మూలలకు పోవును. ఆ కొన్ని క్షణములు ఆడువాడు ఊపిరి పీల్చుకొనును. తరువాతి దశలలో ఆ విరామము తగ్గుచుపోవును. కష్టము నదిలోని అలవలె లేచుచు పడుచు రావలెనుగాని, ఎడతెగని వానవలె కురియరాదని దీనివలన తెలియుచున్నది.

1985లో నింటెండో సంస్థకు చెందిన షిగెరు మియమోటో ముఖ్యుడుగా ‘సూపర్ మారియో బ్రదర్స్’ అను ఆట వెలువడెను. మన పిల్లలు సెల్‌ఫోనులలో ఆడు పరుగు ఆటలకు, దుముకు ఆటలకు ఇది మార్గదర్శి యని చెప్పవచ్చును. దీని మొదటి దశను పరిశీలించినచో ఒక ఉపాధ్యాయుని పాఠము వలె నుండును. ఒకచోట రెండు మెట్ల వరుసలు ఎదురెదురుగా నుండును. వాని నడుమ గట్టి నేల యుండును. ఆడువాడు దుమికి తప్పి పడినను నష్టము లేదు. లేచి మరల ఎక్కవచ్చును. కొంచెము దూరము పోగానే అట్టివే మఱి రెండు మెట్ల వరుసలు వచ్చును. ఈ మాఱు వాని నడుమ నేల లేదు, గొయ్యి యున్నది. తప్పినచో ప్రాణము పోవును. కాని ఆడువాడు ఆ దూరమును అంతకుముందే భయము లేకుండ దుమికి చూచియున్నాడు. ఒక్క మాటయైన చెప్పకుండ ఆట వానికి పాఠము చెప్పినది, అభ్యాసము చేయించినది, పిమ్మట పరీక్షించినది.

సోవియట్ దేశపు రాజధానియైన మాస్కోలో, శాస్త్ర పరిషత్తువారి గణనకేంద్రమున పనిచేయుచుండిన అలెక్సీ పజిత్నోవ్ 1984లో ‘టెట్రిస్’ అను ఆటను కల్పించెను. నాలుగేసి చతురస్రములు కలిపి చేసిన ఏడు ఆకారములు ఒక్కొక్కటిగా పైనుండి పడుచుండును. వానిని త్రిప్పి సందు లేకుండ పేర్చవలెను. ఒక వరుస నిండినచో మాయమగును. నిండనివి పేరుకొని పైకప్పు తాకినచో ఆట ముగియును. ఇందులో శత్రువు లేడు, దయ్యము లేదు. నీవు తొందరలో విడిచిన సందే తరువాత నీకు అడ్డమగును. గదిలోని సామానును సర్దకయే పైపైన పడవేయువాని గతి యెట్టిదో, ఈ ఆటలో అజాగ్రత్తగా ఆడువాని గతియు అట్టిదే. నింటెండోవారు 1989లో వెలువరించిన టెట్రిస్‌లో 29వ మెట్టు చేరునప్పటికి ముక్కలు ఎంత వడిగా పడుననగా, అంతకు మించి ఆడుట మానవసాధ్యము కాదని ఆటగాండ్రు చాలకాలము తలచిరి. పిమ్మట కొందఱు మీటలను నొక్కుటకు క్రొత్త పద్ధతులు కనిపెట్టి దానిని దాటిరి. 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏండ్ల బాలుడొకడు 157వ మెట్టు వఱకు పోగా, ఆట ప్రోగ్రామే ముందుకు సాగలేక నిలిచిపోయెను. మీ యీడు పిల్లవాని ఎదుట యంత్రమే అలసిపోయెనన్నమాట!

ఈ ఆటలన్నిటిలో ఒక సూత్రము కనబడుచున్నది. కష్టము ఆడువాని శక్తికంటె ఒక మెట్టు మాత్రమే పైన నుండవలెను. శక్తి పెరిగినకొలది మెట్టును పెంచవలెను. మిహాయి చిక్‌సెంట్‌మిహాయి అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1975లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమునే వివరించెను. చేయు పనికంటె నేర్పు ఎక్కువైనచో విసుగు పుట్టును. నేర్పుకంటె పని మిక్కిలి కష్టమైనచో భయము పుట్టును. రెండును సరితూగినపుడు మనుష్యుడు కాలమును మఱచి పనిలో లీనమగును. నేడు కొన్ని వీడియో ఆటలు ఆడువాని తీరును గమనించి తమంతట తామే కష్టమును హెచ్చించును, తగ్గించును. ‘మారియో కార్ట్’ అను బండిపందెపు ఆటలో వెనుకబడినవారికి గొప్ప సాధనములు దొరకును. ముందున్నవారికి అల్పమైనవి దొరకును. మన ‘అరటిపండు’ నేర్పును యంత్రము ఇట్లు చాలకాలమునకు నేర్చుకొన్నది.

ఇచ్చట నా అనుభవము ఒకటి చెప్పవలసియున్నది. తెలుగు పండిత శిక్షణ ముగించి నేను ఒక పల్లె పాఠశాలలో ఉద్యోగమున చేరితిని. నా పాండిత్యమును చూపవలెనను ఉబలాటము నాకు మెండుగా నుండెను. మొదటి పరీక్షకు ప్రశ్నపత్రము తయారుచేయుచు, మొట్టమొదటి ప్రశ్నగానే సులభముగా విడదీయరాని సంధులను, సమాసములను ఏఱి ఏఱి వేసితిని. తరగతిలో ఒక బాలుడుండెను. పులి–మేకలో వానిని గెలువగలవాడు ఊరిలో లేడు. పెద్దలు కూడ వానితో ఆడుటకు జంకుచుండిరి. ఆ పరీక్షలో వానికి 50కి 4 మార్కులు వచ్చెను. నేను ఆ మార్కులను అందఱు వినునట్లు చదివితిని. ‘నీకు చదువు రాదు’ అని కూడ అంటిని. ఎక్కడ తప్పెనో చెప్పలేదు. మరల వ్రాయుమని అవకాశము ఇయ్యలేదు. సోమవారము వాడు బడికి రాలేదు. వారము గడచిన పిమ్మట వెదకుచు పోగా, పసుపు ఉడికించు పొయ్యిలయొద్దకు కట్టెలు మోయుచు కనబడెను. వాని తండ్రిని అడిగితిని. ఆయన కోపపడలేదు. ‘మావానికి చదువు రాదని మీరే అంటిరి గదా, సారూ!’ అని మాత్రము అనెను. నాకు మాట రాలేదు. ఆ బాలుడు మరల బడికి రాలేదు. నేటికిని ఆర్మూరు అంగడిలో ఎదురుపడినచో అతడు నిలిచి నమస్కరించును. ఆ నమస్కారము నాకు బరువుగా నుండును.

పులి–మేకలో నూఱుమాఱులు ఓడి నేర్చుకొన్నవాడు, నా పరీక్షలో ఒక్కమాఱు ఓడి చదువు మానెను. లోపము వానిలో లేదు. నేను కల్పించిన కష్టములో నున్నది. మంచి ఆటలోని కష్టమునకు మూడు లక్షణములు కలవు. మొదటి మెట్టు అందుకొనునంత ఎత్తుననే యుండును. ఓడినపుడు ఎందువలన ఓడితిమో కంటికి కనబడును. మరల ప్రయత్నించుటకు తలుపు తెఱచియుండును. నా ప్రశ్నపత్రములో ఈ మూడింటిలో ఒక్కటియు లేకుండెను. అది మెట్ల దారి కాదు, గోడ. ఆ పిమ్మట ఉద్యోగము విరమించు వఱకు నేను తయారుచేసిన ప్రతి ప్రశ్నపత్రములోను మొదటి ప్రశ్న తరగతిలోని ప్రతి పిల్లవాడును వ్రాయగలిగినదిగా నుండునట్లు చూచుకొంటిని. చివరి ప్రశ్న మాత్రము మొదటి పిల్లవానికి కూడ చెమట పట్టించునట్టిదిగనే యుండెను.

మెట్లు సరిగా కట్టినచో మనుష్యుడు ఎంత ఎత్తునకు పోగలడో మన జిల్లాయే సాక్ష్యము చెప్పుచున్నది. నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ అను గురుకుల విద్యార్థిని 2014 మే 25వ తేదీన, 13 ఏండ్ల 11 నెలల వయస్సున, ఎవరెస్టు శిఖరమును అధిరోహించెను. ఎవరెస్టు ఆటబొమ్మ కాదు. అది ఎవని శక్తినిబట్టియు తన ఎత్తును తగ్గించుకొనదు. కాని శిక్షకులు ఆమెను ఒక్కసారిగా దానియెదుట నిలుపలేదు. మొదట భువనగిరి కొండబండను ఎక్కించిరి. తరువాత డార్జిలింగులో పర్వతారోహణము నేర్పించిరి. పిమ్మట లడఖ్ మంచులో చలికి అలవాటు చేయించిరి. పర్వతము మారలేదు; పర్వతమునకు పోవు దారి మెట్లుగా విభజింపబడెను.

ఇంతవఱకు మేలైన కష్టమును గూర్చి చెప్పితిని. కష్టమును అమ్ముకొను ఆటలును కలవు. వానిని గుర్తించుట మీకు మిక్కిలి అవసరము. సెల్‌ఫోనులలోని కొన్ని ఆటలు మొదట మిక్కిలి సులభముగా నుండి, అలవాటు పడిన పిమ్మట తటాలున గోడవలె నిలుచును. ‘ఇంత సొమ్ము చెల్లించినచో దాటింతుము’ అని చూపును. ‘నీ ప్రాణములు అయిపోయినవి, అరగంట కాచుకొనుము, లేక సొమ్ము చెల్లింపుము’ అనును. ఇచ్చట కష్టము మన నేర్పును పెంచుటకు కాదు, తండ్రి జేబును తెఱపించుటకు పెట్టబడినది. సొమ్ము చెల్లించి దాటినవాడు ఏమి నేర్చుకొన్నాడు? ఏమియు లేదు. తరువాతి గోడయొద్ద మరల నిలిచిపోవును.

పందెము కట్టి ఆడు ఆటలు దీనికంటెను ప్రమాదకరములు. ధర్మరాజు పాచికలయెదుట రాజ్యమును పోగొట్టుకొన్న కథ మీరెఱుగుదురు. ఆయనకు తెలివి లేక కాదు. ‘ఇంకొక్క మాఱు’ అను ఆశ ఆయనను లేవనీయలేదు. తెలంగాణ రాష్ట్రము 2017లోనే సొమ్ము పెట్టి ఆన్‌లైనులో ఆడు ఆటలను నిషేధించుచు తన చట్టమును సవరించెను. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు, నేర్పుతో కూడినవైనను, అదృష్టముతో కూడినవైనను, సొమ్ము పందెముగా నుండు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను. పందెము లేకున్నను మితిమీరుట మంచిది కాదు. ఆటను అదుపులో ఉంచుకొనలేక, చదువును, నిద్రను, తిండిని విడిచి నెలల తరబడి దానిలోనే మునిగియుండుట ఒక రుగ్మత కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో చేర్చెను. ఆటలోని కష్టమును మనము ఎంచుకొనవలెనే గాని, అది మనలను పట్టుకొనరాదు.

ఆ రాత్రి కళ్ళములో నేను మనుమని చెంతకు పోయి, ‘నీ ఆట నాకు నేర్పుము’ అంటిని. వాడు నవ్వి ఫోను నా చేతికిచ్చెను. నేను మొదటి గోతిలోనే తొమ్మిదిమాఱులు పడితిని. ‘తాతా, నీవు అంచునకు రాకమునుపే దుముకుచున్నావు, కొంచెము ఆగుము’ అని వాడు చెప్పెను. పదవమాఱు దాటితిని. అరువది యేండ్లు దాటిన నాకు ఆ క్షణమున కలిగిన సంతోషమును చెప్పుటకు సిగ్గుపడను. పిమ్మట బండమీద బొగ్గుతో గీతలు గీసి, వానిచే మేకలను పట్టించితిని. వాడు వరుసగా మూడు ఆటలు ఓడెను. మూడవ ఆట ముగియగానే వాడు రాళ్ళను ఏఱి వేయనీయలేదు. ‘ఉండుము తాతా, నేనెక్కడ తప్పితినో చూడవలెను’ అని గీతలవైపు వంగెను. కొంతసేపటికి, ఒక మేకను ఒంటరిగా విడిచిన చోటును తానే చూపించెను. నాలుగవ ఆటలో నా పులులకు కదలుటకు చోటు దొరకలేదు. ఈ మాఱు నేను మేకను విడువలేదు; వాడు నిజముగనే గెలిచెను.

మఱునాటి సాయంకాలము వాడు లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండెను. లెక్క రెండుమాఱులు తప్పెను. వాని చేయి పుస్తకమును మూయుటకు అట్ట వఱకు పోయెను. అచ్చటనే ఆగెను. ‘తాతా, మేక ఎక్కడ ఒంటరిగా నున్నదో చూచెదవా?’ అని పుస్తకమును నావైపు త్రిప్పెను. ఇద్దఱమును మొదటి వరుసనుండి చదివితిమి. మూడవ వరుసలో ఒక గుర్తు తాఱుమాఱై యుండెను.

బాలబాలికలారా! మీలో కొందఱు ముందుముందు ఇట్టి ఆటలను స్వయముగా రూపొందించువారు కావచ్చును. అట్టి పనిచేయు సంస్థలు నేడు హైదరాబాదులోనే కలవు. మఱికొందఱు ఉపాధ్యాయులు కావచ్చును. ఏ పనిలో నున్నను మీరు ఇతరులకు ఏదో ఒక కష్టమును కల్పింపవలసి వచ్చును. అపుడు మీరు కట్టుచున్నది గోడయో, మెట్ల వరుసయో ఒక్కమాఱు నిలిచి చూచుకొనుడు. మీయెదుట కష్టము వచ్చినపుడు మాత్రము, పుస్తకము మూయకమునుపు, ఎక్కడ తప్పితిమో వెదకుడు. ఆటలో మీరు ప్రతిదినమును చేయుచున్న పని అదియే.